మోకాళ్ళ మీద చేతులు

తార్నాక,
4 ఆగస్టు 2024.

ఒరేయ్ లింగం,

నీకు ఫోన్ చేస్తే "ఆఁ? ఏంది?" అనడం తప్ప ఇంకో మాట రాదు. వాట్సాప్‌లో పెడితే మీ కోడలు చదివి వినిపిస్తుందట. నేను తిట్టే తిట్లు ఆవిడ నోట నువ్వు వినడం బాగుండదు. అందుకని కాగితం మీదే రాస్తున్నాను. రిటైరైన గుమాస్తాకి ఇంతకంటే పనేముంది.

మన కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు మొదలైంది. తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి నడుచుకుంటూ పోయి, మనం ఆడిన ఆ సిమెంటు కోర్టు పక్కన, పై నుంచి మూడో మెట్టు మీద రోజూ నాలుగున్నరకల్లా కూర్చుంటున్నాను. కోచ్ కమలాకర్ నన్ను చూడగానే మొహం తిప్పుకుంటాడు. నీ శిష్యుడే కదా, నా నోటి సంగతి ముందే చెప్పి ఉంటావు.

ఇక ఒక్కొక్కరి జాతకం విను. కెప్టెన్ కరుణ అంబర్‌పేట్ పిల్ల. తాటిచెట్టంత ఎత్తుంది, రీబౌండ్‌కి మాత్రం కాళ్ళు నేల వదలవు. బంతే వచ్చి తన చేతుల్లో పడాలంటుంది. లాలాపేట్ నుంచి వచ్చే దీప్తి మా చర్చి పిల్ల. దూరం నుంచి వేస్తే పదికి నాలుగు పడతాయి. పడని ఆరింటికీ రింగు వంక కోపంగా చూస్తుంది. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మిగతావాళ్ళు జట్టు నిండడానికి ఉన్నారు. ఈ జట్టుతో ఇంటర్ కాలేజీ కప్పు వస్తుందా అంటే, నిరుడైతే నవ్వేవాణ్ణి.

ఈ ఏడు నవ్వడం లేదు. కారణం నీ సుప్రజ. నువ్వు జగిత్యాలలో ఆటల పీడీగా రిటైరయ్యే ఏడాది ఎక్కడో పొలం గట్టు మీద పట్టుకున్నానన్నావే, ఆ పదకొండో నంబరు పిల్ల. బంతి ఆమె చేతికి రాగానే తక్కిన తొమ్మిది మందీ నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. చూడకుండా పాస్ ఇస్తుంది, అది సరిగ్గా చేతిలోకే పోతుంది. నలభై ఏళ్ళుగా ఈ మెట్ల మీద కూర్చుంటున్నాను, ఇలాంటి పిల్లని చూడలేదు. నవంబరులో యూనివర్సిటీ జట్టుకి పన్నెండు మందిని ఎంపిక చేస్తారు. అందులో ఉంటే సౌత్ జోన్ పోటీలు, ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. వాళ్ళమ్మ పోచమ్మ ఇంక ఎవరి పొలంలోనూ వంగక్కర్లేదు.

లోపం ఒక్కటే. విజిల్ పడిందంటే చాలు, వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టేస్తుంది. మనల్ని ఆడించిన దానియేలు మాస్టారు ఉండి ఉంటే ఏమనేవారో గుర్తుందా? "మోకాలి మీద చెయ్యి పెట్టినవాడు ఆట చాలించినట్టే. పో, బెంచీ ఎక్కు." నీ శిష్యురాలికి ఆ పాఠం చెప్పలేదేం?

నీ
ఏసురత్నం

*

జగిత్యాల,
13 ఆగస్టు 2024.

మిత్రుడు రత్నానికి,

నీ ఉత్తరం చేరింది. కరుణ గురించి, దీప్తి గురించి నువ్వు రాసినవి చదివి నవ్వుకున్నాను. చివరి పేరా దగ్గర నవ్వు ఆగింది.

నీకొక పని చెప్తున్నాను. ఇక నుంచి ప్రతి ఆటలో సుప్రజ ఎన్నిసార్లు మోకాళ్ళ మీద చేతులు పెడుతున్నదో లెక్కపెట్టి నాకు రాయి. ఆమె ఒక్కదానిదే చాలు. ఉజ్జాయింపుగా వద్దు, గీతలు గీసి లెక్కపెట్టు. పది దాటినరోజు నాకు వెంటనే తెలియాలి. కమలాకర్‌కు చెప్పి కూర్చోబెట్టిస్తాను.

ఎందుకని అడగకు. కమలాకర్‌తో అనకు, పిల్లతో అసలే అనకు. వాట్సాప్‌లో పెట్టకు. నా ఫోను ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతుంది. ఆ పిల్ల ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చిపోతుంటారు.

నీ మీద నమ్మకంతో,
రాజలింగం

*

తార్నాక,
2 సెప్టెంబర్ 2024.

ఒరేయ్ లింగం,

నువ్వు మారలేదు. నలభై మూడేళ్ళయినా మారలేదు.

1981 మరిచిపోయావేమో, నేను మరవలేదు. సెలక్షన్ మ్యాచ్. నువ్వు కెప్టెన్‌వి. ఆట అయ్యాక దానియేలు మాస్టారు "ఎవరెవరు ఎన్నిసార్లు వంగారు" అని అడిగితే నువ్వు వేళ్ళు మడిచి చెప్పావు. "ఏసురత్నం, పన్నెండు సార్లు సార్." ముందురోజు రాత్రంతా నాకు జ్వరమని నీకు తెలుసు. అబద్ధం చెప్పమని నేను అడగలేదు, నువ్వూ చెప్పలేదు. జట్టు మద్రాసు రైలెక్కింది, నేను ఎగ్జామినేషన్ బ్రాంచిలో గుమాస్తానయ్యాను. సరేలే, దానికి నిన్ను తిట్టుకోవడం ఎప్పుడో మానేశాను. ఏడాదికి ఒకసారి తప్ప.

మొదటి లీగు మ్యాచ్ పోయిన వారం జరిగింది. పద్దెనిమిది పాయింట్ల తేడాతో గెలిచాం. సుప్రజవి ఇరవై రెండు. చెప్పినట్టే రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, ప్రతిసారికీ ఒక నిలువు గీత గీశాను. లెక్క మూడు. మూడే. సంతోషమా?

ఆట అయ్యాక మెట్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతిలో పల్లీపట్టీ. "రక్తం తక్కువున్నదని పీడీ సారు తినమన్నడు తాతా. గోలీలు గూడ పంపిస్తడు" అంది. అడిక్‌మెట్‌లో నలుగురు పిల్లలతో కలిసి గది తీసుకుందట. అక్కణ్ణించి కోర్టుదాకా నడిచే వస్తుంది. మధ్యలో రెండుచోట్ల కూర్చుంటుందట. "ఎందుకమ్మా" అంటే, "జరంత దమ్ము తీసుకుంట" అని నవ్వింది. పళ్ళు మంచి వరస.

నీ
రత్నం

*

జగిత్యాల,
14 సెప్టెంబర్ 2024.

రత్నం,

మూడు అని చదివాక అన్నం సయించింది. నీకు ఇంతకంటే చెప్పలేను.

1981 సంగతి తెచ్చావు. నిజం చెప్పాలని చెప్పాను తప్ప నీ మీద పగతో కాదు. అయినా ఆ పన్నెండు అనే మాట అన్నందుకు నాకు చాలా ఏళ్ళు బాధ ఉన్నది. ముఖం మీద చెప్పడం చేతకాలేదు.

ఇంకో రెండు ఆటలు చూసి రాయి. లెక్క అయిదారు లోపల ఉంటే కమలాకర్‌కు ఒక మాట చెప్పిస్తాను. ఇప్పుడు అతను ఆమెను ప్రతి క్వార్టర్‌లో మూడు నిమిషాలు కూర్చోబెడుతున్నాడు. ఆ మాట చెప్పింది నేనే. సెలక్టర్లు బెంచీ మీద ఉన్న పిల్లను చూడరు కదా.

రాజలింగం

*

తార్నాక,
20 అక్టోబర్ 2024.

ఒరేయ్ లింగం,

కప్పు మనదే. పదహారేళ్ళ తర్వాత. కమలాకర్ మెట్లెక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కరుణ చివరి క్వార్టర్‌లో నిజంగానే నేల వదిలి ఎగిరింది, నా కళ్ళతో చూశాను. దీప్తి రింగుని క్షమించింది. వీళ్ళిద్దర్నీ ఆగస్టులో నేనన్న మాటలు వెనక్కి తీసుకోను కానీ, సగానికి తగ్గించుకుంటాను.

పోయినసారి కార్డు మీద నాలుగు, అయిదు అని రాశాను కదా. దాన్ని చూసి నువ్వు చెప్పించినట్టున్నావు, ఫైనల్లో సుప్రజని నలభై నిమిషాలూ ఆడించాడు. ఒక్క నిమిషం కూర్చోబెట్టలేదు. ముప్పై ఒకటి కొట్టింది. సెలక్టర్లు ముగ్గురూ వచ్చారు. అందులో ఒకాయన కాగితం మీద పదకొండు అని రాసి చుట్టూ సున్నా చుట్టడం నేను వెనక నుంచి చూశాను.

లెక్క ఏడు.

ఒక సంగతి రాయనా వద్దా అని ఆలోచించాను. ఆట అయ్యాక ఆ పిల్ల పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. నేను అడిగితే, "ఏం లేదు తాతా, ఎండకు" అంది. అక్టోబరు సాయంత్రం ఎండేమిటి? రక్తం తక్కువేమో, గోలీలు మార్చి పంపు. ఇక ఎంపిక మ్యాచ్ నవంబర్ పదహారున. అది ఒక్కటీ గడిస్తే ఆర్నెల్లు పడుకోమను.

నీ
రత్నం

*

జగిత్యాల,
30 అక్టోబర్ 2024.

రత్నం,

పోచమ్మ నిన్న వచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో బిడ్డ ఫోటో వచ్చిందని ఎవరో చెప్పారట. చదవడం రాదు. పేపరు నా చేతికిచ్చి, ఎక్కడ పేరుందో వేలు పెట్టి చూపించమన్నది. చూపిస్తే ఆ చోట కొంగుతో తుడిచింది. నీకోసం కంది బేడలు, అదే మీ కందిపప్పు, రెండు కిలోలు ఇచ్చిపోయింది. "బిడ్డను కాపాడుకుంట చూస్తున్నడు గదా గా తార్నాక సారు" అన్నది. పార్శిల్ పంపుతున్నాను.

పెదవుల సంగతి చదివి ఒక పూట మనసు కుదురుగా లేదు. మళ్ళీ నీ లెక్క చూసుకున్నాను. నలభై నిమిషాలు ఆడి ఏడుసార్లే వంగితే భయం లేదు. ఆ ఒక్క మ్యాచ్ అయ్యాక నేనే హైదరాబాద్ వచ్చి ఆమెను ఒక చోటికి తీసుకపోవాలి. ఆ పని రెండేళ్ళ నుంచి ఉన్నది. అప్పుడు నీకు అంతా చెప్తాను.

రాజలింగం

*

తార్నాక,
19 నవంబర్ 2024.

లింగం,

కమలాకర్ మీ అబ్బాయికి ఫోన్ చేశానన్నాడు. నువ్వు మట్టి వేసి వచ్చావని కూడా చెప్పాడు. నేను రాలేకపోయాను. బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

జరిగింది నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. మూడో క్వార్టర్‌లో నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఎదుటి జట్టు పిల్ల ఫౌల్ చేసింది. విజిల్ పడింది. సుప్రజ ఫ్రీ త్రో గీత దగ్గరికి నడిచింది, వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. రిఫరీ బంతి ఇవ్వబోయాడు. అందుకోలేదు. అలా వంగి ఉన్నదల్లా ముందుకు ఒరిగిపోయింది. చేతులు అడ్డం పెట్టుకోలేదు, తల సిమెంటుకి తగిలింది. ఆ చప్పుడు మూడో మెట్టుదాకా వినిపించింది.

కరుణ మొదట ఆమె దగ్గరికి చేరింది. ఆటో కోర్టులోకే తెచ్చారు. దీప్తి చెప్పుల్లేకుండా ఆటో వెనక పరిగెత్తింది. ఆసుపత్రిలో పది నిమిషాల్లో ప్రాణం పోయిందని చెప్పేశారు. గుండె అన్నారు. పంతొమ్మిదేళ్ళ పిల్లకి గుండేమిటని కమలాకర్ డాక్టర్ చొక్కా పట్టుకున్నాడు. డాక్టర్ చొక్కా విడిపించుకుని, "ఇంతకు ముందు ఎవరికీ తెలీదా" అని మాత్రం అడిగాడు. అందరం తెలీదన్నాం.

కంది బేడల పార్శిల్ ఆ రోజు పొద్దున్నే వచ్చింది. ఇంకా విప్పలేదు.

ఏసురత్నం

*

జగిత్యాల,
28 నవంబర్ 2024.

రత్నం,

డాక్టర్ అడిగిన మాటకు జవాబు నా దగ్గర ఉన్నది.

రెండేళ్ళ క్రితం, మీ కాలేజీకి రాకముందే, ఆమెను జిల్లా జట్టులో ఆడించేటప్పుడు ఇక్కడ ఒక డాక్టర్‌కు చూపించాను. ఫిట్‌నెస్ కాగితం కోసం. ఆయన చాలాసేపు విన్నాడు. గుండెలో చప్పుడు తేడాగా ఉన్నది, హైదరాబాద్‌లో పెద్ద పరీక్ష చేయించండి, అంతదాకా ఆట వద్దన్నాడు. నేను ఇంకో డాక్టర్ దగ్గర కాగితం రాయించుకున్నాను. సుప్రజకు రక్తం తక్కువని చెప్పాను. పోచమ్మకు అదీ చెప్పలేదు. గుండె జబ్బు అన్న మాట ఒకసారి కాగితమెక్కితే ఆ పిల్లకు సీటు లేదు, జట్టు లేదు, ఉద్యోగం లేదు. మళ్ళీ ఆ పొలమే. సౌత్ జోన్ సర్టిఫికెట్ ఒక్కటి చేతికొస్తే ఆట మాన్పించి వైద్యం చేయిద్దామనుకున్నాను. రోజులు జరుపుకుంటూ పోయాను.

ఆ మొదటి డాక్టర్ ఒక గుర్తు చెప్పాడు. జబ్బు ముదిరితే మాటిమాటికీ వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి నిలబడుతుంది, అప్పుడు వెంటనే ఆపమని. ఆగస్టులో నీ ఉత్తరంలో సరిగ్గా ఆ మాటే ఉన్నది. అందుకే నిన్ను లెక్క అడిగాను. నీకు విషయం చెప్తే నువ్వు ఆ సాయంత్రమే కమలాకర్‌కు చెప్తావని భయపడ్డాను.

ఒక్కటి నాకు అంతుపట్టడం లేదు. మూడు, నాలుగు, అయిదు, ఏడు. ఇంత తక్కువ ఎట్లా అయింది? ఏడు చూసే కదా నేను ఎంపిక మ్యాచ్‌లో కూడా నలభై నిమిషాలు ఆడించమన్నాను. ఆ రోజు లెక్క ఎంత?

రాజలింగం

*

తార్నాక,
4 డిసెంబర్ 2024.

లింగం,

ఆ రోజు లెక్క ముప్పై ఒకటి. ముప్పై ఒకటో గీత గీసి తలెత్తేసరికి ఆమె ఒరిగిపోతోంది.

నోట్‌బుక్ పంపుతున్నాను. ఆటకొక పేజీ. నీకు మూడని రాసిన పేజీలో పద్నాలుగు గీతలున్నాయి. నాలుగన్నచోట పద్దెనిమిది. అయిదన్నచోట పంతొమ్మిది. ఏడన్నది ఫైనల్, ఇరవై ఆరు. అన్నీ లెక్కపెట్టాను, ఒక్కటీ వదల్లేదు. నీకు మాత్రం నిజం రాయలేదు.

నువ్వు పది దాటితే కూర్చోబెడతానన్నావు. దానియేలు మాస్టారి రూలే ఇంకా పట్టుకుని వేలాడుతున్నావనుకున్నాను. 1981లో నాకు చేసినట్టే ఈ పిల్లకీ చేస్తావనుకున్నాను. జ్వరంతో ఆడినవాణ్ణి ఎవరూ ఎందుకు వంగావని అడగలేదు, ఎన్నిసార్లనే అడిగారు. ఈ పిల్లని నేను కాపాడుతున్నాననుకున్నాను. ప్రతి ఉత్తరం డబ్బాలో వేసి నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి లింగం. నిన్ను గెలిచానని.

నేనూ ఎందుకని అడగలేదు. పెదవులు చూశాను, చేతులు పట్టుకున్నాను, అయినా నీకు ఏడనే రాశాను.

దీంతోపాటు ఇంకో ఉత్తరం పెట్టాను. పోచమ్మకి. అందులో నిజమైన అంకెలన్నీ రాశాను. ఆవిడకి చదవడం రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించాలి. ఒక్క మాట తగ్గించకుండా చదువు. ఆవిడ ఏమంటే అది నాకు రాయి.

ఏసురత్నం

*

జగిత్యాల,
15 డిసెంబర్ 2024.

రత్నం,

నిన్న పోచమ్మ ఇంటికి పోయాను. ముందు నా తప్పు చెప్పాను. డాక్టర్ చెప్పింది, నేను దాచింది, అంతా. ఆమె వాకిట్లో కూర్చుని విన్నది. మధ్యలో ఒక్కసారి "నాకు చెప్తె నేను ఆడనిద్దునా సారూ" అన్నది.

తర్వాత నీ ఉత్తరం తీశాను. ఒక్క మాట తగ్గించకుండా చదవమన్నావు. నా వల్ల కాలేదు. అంకెలు వచ్చిన చోటల్లా దాటేశాను. నీ తప్పు ఏమీ లేదన్నట్టు చదివాను. 1981లో చెయ్యాల్సిన పని ఇప్పుడు చేశాను.

చదవడం అయ్యాక నోట్‌బుక్ ఏమిటని చేయి చాపింది. అక్షరం రాని మనిషి కదా అని ఇచ్చాను. అందులో అక్షరాలు లేవని నాకు అప్పుడు తట్టలేదు. గీతలే ఉన్నాయి. వరి కట్టలు లెక్కపెట్టే మనిషికి గీతలు రావా? ఒక్కో గీత మీద వేలు పెట్టుకుంటూ పోయింది. పేజీ తర్వాత పేజీ. "ఇవేంది సారూ" అని అడిగింది. ఇక దాచలేక చెప్పాను. సుప్రజ వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నప్పుడల్లా తార్నాక సారు గీసిన గీత ఇది, నాకు తక్కువ చేసి రాశాడు, ఆమె ఆట పోతుందని, అన్నాను.

ఆమె నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకున్నది. అప్పుడు అన్న మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను, నువ్వు అడిగావు కాబట్టి.

"ఇంటికాడ గూడ గట్లనే నిలవడేది సారూ. వరినాటుకు తోలుకపోతే వరుస నడుమ, సగం మునుంల ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని నిలవడేది. పక్కపొంటి ఆడోళ్ళు ముందల పోతుంటె నాకు సిగ్గయ్యేది. పనిదొంగవే నువ్వు అని అందరి ముందట తిట్టిన. ఒక్కనాడన్న ఏమైంది బిడ్డా అని అడగలే. ఆ సారును నేనేమంట? ఆయన గీత గీసి పెట్టిండు. నేను ఎన్నిసార్లు తిట్టిన్నో నాకు లెక్క గూడ లేదు."

నోట్‌బుక్ తిరిగి ఇవ్వలేదు. నేను అడగలేదు.

రాజలింగం